డీజిల్ ఫిల్టర్‌లో నీళ్లు, మడ్డి: ఎలా పట్టుకోవాలి, ఏది కడగాలి, ఏది పారేయాలి

సార్వా (వానాకాలం వరి) దమ్ముల్లో ఇది ఏటా చూసేదే. ట్రాక్టర్ రోడ్డు మీద బాగానే వస్తుంది, చేలో దిగి దమ్ము చక్రాల మీద బరువు పడగానే ముక్కడం మొదలుపెడుతుంది, రేస్ ఇచ్చినా లాగదు, కాసేపటికి ఆగిపోతుంది. కొంచెంసేపు వదిలేసి సెల్ఫ్ కొడితే మళ్లీ స్టార్ట్ అవుతుంది, మళ్లీ అదే వరస. ఎవరో ఒకరు "ఫిల్టర్ మార్చెయ్" అంటారు. మారుస్తారు, బండి లేస్తుంది, నాలుగు రోజులకి మళ్లీ మొదటికే. ఫిల్టర్ దానంతట అది పాడవదు కదా, ట్యాంకులోంచి వచ్చిన చెత్తని పట్టి ఆపింది, అంతే. ఆ చెత్త ఏమిటో చూడకుండా పాత ఫిల్టర్‌ని గట్టు మీదకి విసిరేస్తే, రక్తపరీక్ష రిపోర్టు చదవకుండా చింపేసినట్టే.

అందుకే ఇక్కడ ఫిల్టర్ బిగించడం కంటే దాన్ని చూసి తెలుసుకోవడం గురించే ఎక్కువ రాస్తున్నాను. ట్రాక్టర్, వరికోత మిషన్, చిన్న ట్రాలీ ఆటో, డీజిల్ కారు, రొయ్యల చెరువు దగ్గర జనరేటర్, పడవ ఇంజిన్, అన్నిటికీ సూత్రం ఒకటే. తేడా ఎక్కడ వస్తుందంటే పాత రకం పంపు ఇంజిన్‌కీ, కొత్త కామన్ రైల్ ఇంజిన్‌కీ (రైల్ అనే ఒకే గొట్టంలో డీజిల్‌ని ఎక్కువ ప్రెజర్‌తో నిలిపి, అక్కడి నుంచి అన్ని సిలిండర్లకీ పంపే రకం) మధ్య. ఆ తేడా వచ్చిన చోటల్లా చెబుతాను, అక్కడ మాత్రం జాగ్రత్తగా చదవండి.

మన గోదావరి డెల్టాలో నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి

దుమ్ము, తుప్పు, నాచు ఇవన్నీ ఉన్నా, మన వైపు అసలు శత్రువు నీళ్లే. మిగతావి చాలావరకు నీళ్ల వెనకాలే వస్తాయి. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లబడినప్పుడు గోడలకి చెమ్మ పట్టి కిందకి దిగుతుంది, ఇది అందరూ చెప్పేదే, నిజమే, కానీ నెమ్మదిగా జరిగే పని. దీనికంటే చాలా ఎక్కువ నీళ్లు వచ్చేది చెరువు మకాంల దగ్గర నిలబెట్టిన డ్రమ్ముల నుంచి. డ్రమ్ము నిలువుగా పెడితే పైమూత మీద వానకి నీళ్లు నిలుస్తాయి. పగలు ఎండకి లోపలి గాలి వ్యాకోచించి బయటకి పోతుంది, రాత్రి చల్లబడ్డాక లోపల ఖాళీ ఏర్పడి, బిరడా మరల సందుల్లోంచి ఆ నిలిచిన నీళ్లనే లోపలికి పీల్చుకుంటుంది. బిరడా గట్టిగానే బిగించాం, నీళ్లెలా వచ్చాయి అని ఆశ్చర్యపోయేవాళ్లకి జవాబు ఇదే. డ్రమ్ముని పక్కకి పడుకోబెట్టి, రెండు బిరడాలూ ఒకే ఎత్తులో, డీజిల్ మట్టానికి కిందుగా ఉండేట్టు ఉంచితే ఈ గొడవ ఉండదు. అది కుదరకపోతే కనీసం కప్పు కింద పెట్టండి.

యానాంలో రేటు తక్కువని క్యాన్లలో తెచ్చి దాచుకునేవాళ్లు కోనసీమలో ఎక్కువే. ఆ డీజిల్‌కి పేరు పెట్టేదేమీ లేదు. క్యాన్ అడుగున నిన్నటి నీళ్లు ఉన్నాయా, గరాటు నేల మీద పడి ఉందా, నెలల తరబడి మూల పెట్టారా అన్నదే లెక్క. చెరువుల వైపు ఇంకోటి, అదే క్యాన్‌తో ఒకసారి మందునీళ్లు, ఇంకోసారి డీజిల్. అలా మాత్రం చేయకండి, డీజిల్ క్యాన్‌కి రంగు పూసి వేరుగా పెట్టండి.

మొదట: ఇది అసలు డీజిల్ గొడవేనా?

పానా పట్టుకునే ముందు పొగ చూడండి. లోడ్ మీద నల్లగా చిమ్ముతూ లాగకపోతే ముందు ఎయిర్ ఫిల్టర్ చూడాలి, గాలి చాలనప్పుడు పొగ నల్లబడుతుంది. పొగ పెద్దగా లేకుండా, బలం మాత్రం పోయి, రేస్ ఇచ్చే కొద్దీ చతికిలబడితే డీజిల్ అందట్లేదని అనుమానించాలి. తెల్లటి పొగతో దగ్గుతూ, ఐడిల్ ఎగుడుదిగుడుగా ఉంటే డీజిల్‌లో నీళ్లో, లైన్‌లో గాలో ఉండే అవకాశం ఎక్కువ.

తర్వాత ట్యాంకు మూత తిప్పి చూడండి. మూత తీయగానే "హుస్" మని గాలి లోపలికి లాక్కుని, బండి వెంటనే మామూలైపోతే, తప్పు ఫిల్టర్‌ది కాదు, మూతలో ఉండే గాలిరంధ్రం బురదతో మూసుకుపోయింది. దమ్ములో తిరిగే బండ్లకి ఇది మామూలే. ఖర్చు లేని పరీక్ష, అయినా దీన్ని చేసేవాళ్లు తక్కువ.

కామన్ రైల్ బండి అయితే లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టించండి. పీ0087 అంటే రైల్‌లో ప్రెజర్ తక్కువ అని, పీ2269 అంటే డీజిల్‌లో నీళ్లు ఉన్నాయని. మొదటి కోడ్ వస్తే ఫిల్టరే అని తీర్మానించేయకూడదు, పంపు అరిగినా, ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ లీకైనా అదే కోడ్ వస్తుంది. డాష్‌బోర్డు మీద నీటిబొట్టు గుర్తుతో ఫిల్టర్ లైటు వెలిగితే మాత్రం "సర్వీసులో చూద్దాంలే" అనుకోకండి. ఆ రోజే నీళ్లు దింపాలి.

సీసా పరీక్ష

నా లెక్కలో మొత్తం పనిలో ఇదే ముఖ్యం. దీనికి కావలసింది శుభ్రంగా ఆరబెట్టిన ఒక గాజు సీసా, అంతే.

బండిని రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున్నే స్టార్ట్ చేయకముందే దింపాలి, ఎందుకంటే ఇంజిన్ తిరిగిందంటే అడుగున తేరిన నీళ్లు మళ్లీ కలిసిపోతాయి. ఫిల్టర్ కింద గిన్నెకో, ఫిల్టర్ అడుగునో చిన్న మర ఉంటుంది, దాన్ని వదులు చేసి సీసా పట్టండి. ఏమీ రాకపోతే పైన గాలి తీసే స్క్రూ కొంచెం వదులు చేయండి, గాలి లోపలికి వెళ్తేనే డీజిల్ కిందకి దిగుతుంది. ఒక గ్లాసుడు పట్టి, మర బిగించి, సీసాని ఓ ఇరవై నిమిషాలు కదపకుండా పెట్టండి. ట్యాంకు అడుగున ప్లగ్ ఉంటే అక్కడి నుంచి కూడా వేరే సీసాలోకి పట్టండి. రెండూ పక్కపక్కన పెడితే సగం కథ అక్కడే తెలిసిపోతుంది.

ఇప్పుడు వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి. డీజిల్ లీటరు సుమారు 830 గ్రాములు, నీళ్లు వెయ్యి గ్రాములు, కాబట్టి నీళ్లు ఎప్పుడూ అడుగునే ఉంటాయి. మధ్యలో స్పష్టంగా గీత కనిపిస్తే నీళ్లే. అనుమానంగా ఉంటే మిఠాయిల్లో వాడే రంగు నీళ్లలో కలిపి రెండు చుక్కలు వేయండి, డీజిల్‌లో కలవకుండా ఉండలాగే దిగిపోయి, కింద నీళ్లు ఉంటే వాటిని మాత్రం రంగెక్కిస్తుంది. గీత లేకుండా డీజిలంతా మసకగా, మజ్జిగ తేటలా ఉంటే నీళ్లు సన్నటి తుంపరగా కలిసిపోయి ఉన్నాయన్నమాట, ఇది గీత కనిపించేదానికంటే చెడ్డది, అలాంటి నీళ్లని ఫిల్టర్ సరిగా ఆపలేకపోతుంది.

అడుగున ఎర్రటి, గోధుమరంగు పొడి ఉంటే తుప్పు, అంటే ట్యాంకు లోపల నీళ్లు చాలాకాలంగా ఉన్నాయి. నీళ్లకీ డీజిల్‌కీ మధ్య గీత దగ్గర నల్లగానో ముదురు గోధుమరంగులోనో జిగురుగా, పీచులా తేలుతూ, కుళ్లు వాసన వస్తే అది సూక్ష్మజీవులు పెరిగిన నాచు. ఇవి డీజిల్‌ని తింటాయి కానీ బతకడానికి నీళ్లు కావాలి, అందుకే సరిగ్గా ఆ గీత దగ్గరే పెరుగుతాయి. మన వేడికి, తేమకి వాటికి ఇంతకంటే హాయిగా ఉండే చోటు దొరకదు. పంటకీ పంటకీ మధ్య నెలల తరబడి షెడ్డులో పడి ఉండే కోత మిషన్లలో, కరెంటు పోయినప్పుడు మాత్రమే తిరిగే జనరేటర్లలో ఇది ఎక్కువ. రోజూ తిరిగే లారీలో అరుదు, డీజిల్ నిలవ ఉండదు కాబట్టి.

సీసాలో డీజిల్ తేటగా, మచ్చ లేకుండా ఉంటే సంతోషించి అక్కడితో ఆగిపోకండి. ఫిల్టర్ లోపలి కాగితం మూసుకుపోయినా గిన్నెలో ఏమీ కనిపించకపోవచ్చు.

డీజిల్ ఎక్కడ ఆగుతోంది

పాత రకం పంపు ఇంజిన్ అయితే ఇది మీరే చేసుకోవచ్చు. ఇంజిన్ ఆపి, ఫిల్టర్‌లోకి వచ్చే పైపు ఊడదీసి కింద డబ్బా పెట్టి, చేత్తో డీజిల్ ఎక్కించే హ్యాండ్ పంపు కొట్టండి. ధార నిండుగా వస్తే ట్యాంకు నుంచి ఇక్కడిదాకా దారి బాగుంది. ఇప్పుడు ఆ పైపు బిగించి, ఫిల్టర్ నుంచి బయటకి వెళ్లే పైపు ఊడదీసి మళ్లీ కొట్టండి. ఇక్కడ సన్నగా కారితే తప్పు ఫిల్టర్‌ది. ముందు దగ్గరే ధార రాకపోతే ఎన్ని ఫిల్టర్లు మార్చినా లాభం లేదు, ట్యాంకులో జాలీ, పీల్చే పైపు, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు చూసుకోవాలి. ధార దగ్గుతూ, బుడగలతో వస్తే ఎక్కడో గాలి పీలుస్తోంది, రబ్బరు పైపు పగులు, వాషర్, క్లిప్పు ఒక్కొక్కటే చూడండి. గాలి పీల్చే చోట డీజిల్ బయటకి కారకపోవచ్చు, అందుకే కంటికి దొరకదు, అనుమానం ఉన్న పైపు ముక్క చోట తాత్కాలికంగా పారదర్శకమైన పైపు వేస్తే బుడగలు కనిపిస్తాయి.

ఫీడ్ పంపు దగ్గర చిన్న గాజు గిన్నె, అందులో సన్నటి జాలీ ఉన్న బండ్లు చాలా ఉన్నాయి. ఫిల్టర్ మూడుసార్లు మార్చి, దాన్ని మాత్రం ఎప్పుడూ విప్పని వాళ్లని చూశాను.

పాత ఫిల్టర్ కోసి చూడండి

తీసిన ఎలిమెంట్‌ని (ఫిల్టర్ లోపల వడపోసే భాగం) పళ్లెంలో పెట్టి, కాగితం మడతలు కత్తితో కోసి పరచండి. రేకు డబ్బా ఫిల్టర్ అయితే పై అంచు వెంట కోయాలి, హాక్సా బ్లేడుతో కోస్తే ఆ పొట్టే లోపల పడి మోసం చేస్తుందని గుర్తుంచుకోండి. మడతల్ని చేత్తో పిండితే నీళ్లు ఊరతాయేమో చూడండి. సీసాలో చూసిన తుప్పు, జిగురు ఇక్కడ ఇంకా బాగా తెలుస్తాయి. కాగితమంతా నల్లబడి ఉండి, జిగురూ వాసనా లేకపోతే కంగారు అక్కర్లేదు, వేడెక్కిన డీజిల్ మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉంటే ఆ నలుపు మామూలుగానే పడుతుంది.

ఒక్కటి చూస్తే మాత్రం పని ఆపేయాలి. కామన్ రైల్ బండి ఫిల్టర్‌లో వెండి పొడిలా మెరిసే రజను. హైప్రెజర్ పంపు లోపల అరిగిపోతూ ఆ రజను రిటర్న్ లైన్‌లో ట్యాంకుకి, అక్కడి నుంచి ఫిల్టర్‌కి చేరుతోందని దాని అర్థం. కొత్త ఫిల్టర్ వేసి నడిపితే ఇంజెక్టర్లు కూడా పోతాయి. బండిని తోయించుకుని పంపు పని తెలిసిన మెకానిక్ దగ్గరకే వెళ్లండి.

ఏది కడగొచ్చు, ఏది కడగకూడదు

ఇక్కడ మొహమాటం లేకుండా చెబుతాను: కాగితం ఎలిమెంట్ కడగడం అనేది లేదు. డీజిల్‌లో ముంచి ఊపినా, కంప్రెసర్ గాలి కొట్టినా పైన మడ్డి పోయి శుభ్రంగా కనిపిస్తుంది, కానీ ఆ గాలికి కాగితం కంటికి కనిపించనంత సన్నగా చిరుగుతుంది, అప్పటిదాకా ఆగిన చెత్త ఆ చిరుగులోంచి నేరుగా ఇంజెక్టర్ నాజిల్‌కి పోతుంది. కామన్ రైల్ ఇంజెక్టర్ లోపల భాగాల మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు, మన తలవెంట్రుక సుమారు డెబ్భై మైక్రాన్లు. ఫిల్టర్ డబ్బులు మిగుల్చుకోబోయి ఇంజెక్టర్ సెట్టు కొనుక్కోవడం ఏం లెక్క?

పాత జంట ఫిల్టర్లలో కొన్నిటికి మొదటి గిన్నెలో గుడ్డ లేదా ఫెల్ట్ ఎలిమెంట్ ఉంటుంది. దాన్ని శుభ్రమైన డీజిల్‌లో చేత్తో పిండి కడిగి ఒకటి రెండుసార్లు వాడొచ్చు, గట్టిపడినా పీచు లేచినా పారేయాలి. రెండో గిన్నెలోది కాగితమే, దాన్ని మార్చాల్సిందే. రెండూ ఒకేసారి కడిగి బిగించేసే అలవాటు మన ఊళ్లలో ఉంది, అది మానాలి.

నిజంగా కడగాల్సినవి వేరే ఉన్నాయి. గిన్నె, జాలీ, ఫిల్టర్ తల లోపలి భాగం, నీళ్లు పట్టే సెన్సార్. శుభ్రమైన డీజిల్, మెత్తటి బ్రష్ చాలు. పెట్రోల్ వద్దు, దాని ఆవిరి మామూలు గదివేడికే అంటుకుంటుంది, షెడ్డులో ఎవరో బీడీ వెలిగిస్తే చాలు. ప్లాస్టిక్ గిన్నెకి థిన్నర్ తగలనివ్వకండి, పగుళ్లు వస్తాయి. పీచు ఊడే పాత లుంగీ గుడ్డతో లోపల తుడవకండి, ఆ పీచే రేపు జాలీకి అడ్డం పడుతుంది. సెన్సార్ చివర రెండు పిన్నులు ఉంటాయి, వాటి మీద జిగురు తుడిస్తే తప్పుడు లైటు వెలగడం ఆగుతుంది. ఓరింగులు, రాగి వాషర్లు పాతవే వేయకండి.

ట్యాంకు

సీసాలో తుప్పో నాచో కనిపించిందంటే ట్యాంకు కడగకుండా కొత్త ఫిల్టర్ వేయడం దండగ. అడుగు ప్లగ్ తీసి పూర్తిగా దింపండి, కొంచెం శుభ్రమైన డీజిల్ పోసి ట్యాంకుని కుదిపి మళ్లీ దింపండి, తేటగా వచ్చేదాకా ఇలా చేయాలి. పీల్చే పైపుని ఫిల్టర్ వైపు ఊడదీసి, ట్యాంకు మూత తెరిచి ఉంచి, తక్కువ గాలితో ట్యాంకు వైపుకి ఊదండి. గాలి ఎప్పుడూ ట్యాంకు వైపుకే. పంపు, ఇంజెక్టర్ల వైపు కొట్టకూడదు.

నాచు ఉంటే దాన్ని చంపే మందులు దొరుకుతాయి, డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే, చేతికి గ్లవ్స్ వేసుకుని వాడండి. కానీ ముందు నీళ్లు తీసేయాలి, మడ్డి కడగాలి, తర్వాతే మందు. మురికి ట్యాంకులో నేరుగా మందు పోస్తే చచ్చిన నాచంతా ఊడి వచ్చి ఒకేసారి ఫిల్టర్‌ని మూసేస్తుంది. మందు వేశాక మొదటి ఫిల్టర్‌ని మామూలు గడువుకంటే బాగా ముందే మార్చాల్సి వస్తుంది, ఇంకోటి కొని పెట్టుకోండి.

ట్యాంకుకి చిల్లు పడి వెల్డింగ్ చేయించాలంటే "ఖాళీగానే ఉంది కదా" అని మీరే తీసుకెళ్లి పెట్టేయకండి. ఖాళీ ట్యాంకులో ఆవిరి ఉంటుంది, నిప్పు తగిలితే పేలుతుంది. ఆ పని తెలిసినవాళ్లకే ఇవ్వండి.

బిగించడం, ఎయిర్ తీయడం

రబ్బరుకి డీజిల్ రాసి, ఫిల్టర్ ఆనాక ఇంకెంత తిప్పాలో డబ్బా మీద రాసి ఉంటుంది, చేత్తోనే బిగించండి. చెయిన్ పానాతో బిగిస్తే రబ్బరు నలిగి గాలి పీలుస్తుంది. కొత్త ఫిల్టర్‌లో క్యాన్‌లోంచి డీజిల్ నింపి బిగించే అలవాటు పాత ఇంజిన్లకి నడిచింది, కామన్ రైల్‌కి వద్దు. అలా పోసిన డీజిల్‌లో కొంత ఫిల్టర్ కాకుండానే లోపలికి పోవచ్చు.

పాత ఇంజిన్‌కి: మొదటి ఫిల్టర్ పై స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగి నిండు ధార వచ్చేదాకా హ్యాండ్ పంపు కొట్టి బిగించండి. తర్వాత రెండో ఫిల్టర్, తర్వాత పంపు మీద స్క్రూ, ఇదే వరసలో. అప్పటికీ లేవకపోతే నాజిళ్ల దగ్గర పైపు నట్లు ఒక చుట్టు వదిలి సెల్ఫ్ కొట్టి, డీజిల్ చిమ్మగానే బిగించాలి. సెల్ఫ్ పది పదిహేను సెకన్లకి మించి పట్టుకోకుండా, మధ్యలో ఒకటి రెండు నిమిషాలు ఆగండి.

కామన్ రైల్‌కి ఈ చివరి పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. ఆ పైపుల్లో వెయ్యి బార్‌కి పైగా ప్రెజర్ ఉంటుంది, సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, బయటకి చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గాయం అది. రబ్బరు బల్బు ఉంటే గట్టిపడేదాకా నొక్కండి, ట్యాంకులో కరెంటు పంపు ఉంటే తాళం ఆన్ చేసి కొన్ని సెకన్లు ఆగి ఆఫ్ చేయడం నాలుగైదుసార్లు చేయండి, తర్వాత స్టార్ట్ చేయండి.

దింపిన మురికి డీజిల్‌ని కాలవలోనో బోదెలోనో పారబోయకండి. ఆ బోదె ఎవరి చెరువులోకి వెళ్తుందో మీకు తెలుసు. పక్కవాడి రొయ్యలు పోయాక గొడవలు పడేకంటే క్యాన్‌లో పట్టి, పాత ఇంజిన్ ఆయిల్ కొనేవాళ్లకి ఇచ్చేయండి.

వరద తగిలిన బండి, మొగ దాటే పడవ

2022 జులైలో వచ్చినలాంటి వరదకి లంక గ్రామాల్లో బండి మునిగితే, నీళ్లు తీశాక "ఒకసారి చూద్దాం" అని సెల్ఫ్ మాత్రం కొట్టకండి. బ్యాటరీ వైరు తీసి, ట్యాంకు పూర్తిగా దింపి, ఫిల్టర్లు మార్చి, ఇంజిన్ ఆయిల్‌లో, ఎయిర్ ఫిల్టర్ గొట్టంలో నీళ్లు లేవని చూశాకే తాళం తిప్పాలి. నీళ్లున్న డీజిల్‌తో ఒక్కసారి తిరిగినా పంపు లోపల తుప్పు మొదలవుతుంది.

పడవలకి ఇంకో చిక్కు. కాలవలో, గోదావరిలో ఏ ఇబ్బందీ లేకుండా తిరిగిన ఇంజిన్, అంతర్వేది దగ్గర మొగ (గోదావరి సముద్రంలో కలిసే చోటు) దాటి అలల్లో పడగానే ఆగిపోతుంది. అప్పటిదాకా ట్యాంకు అడుగున కదలకుండా ఉన్న నీళ్లు, మడ్డి ఆ ఊపుకి లేచి ఒకేసారి ఫిల్టర్‌లోకి వస్తాయి. ఉప్పునీళ్లైతే తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. వేటకి వెళ్లేముందు రోజు సీసా పరీక్ష చేయాలి, ఒడ్డున ఉండగానే.

మళ్లీ రాకుండా

పని అయ్యాక సాయంత్రమే ట్యాంకు నింపండి, పొద్దున్న కాదు. గిన్నెలో నీళ్లు వానాకాలంలో వారానికోసారైనా దింపండి, కంపెనీ పుస్తకంలో అంతకంటే తక్కువ గడువు ఉంటే అదే పాటించండి. బంకులో అనుమానం వస్తే డెన్సిటీ కొలిచి చూపించమని అడగొచ్చు, ఆ జాడీ, థర్మామీటర్ వాళ్ల దగ్గర ఉండాల్సిందే. ట్యాంకర్ దిగుతుండగా, దిగిన వెంటనే డీజిల్ కొట్టించుకోకపోవడం మంచిది, అడుగు మడ్డి కదిలి ఉంటుంది. కిరసనాయిలు కలిపితే లోపల శుభ్రమవుతుందన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్6 (కాలుష్యం తగ్గించే ప్రమాణం) డీజిల్‌లో గంధకం 10 పీపీఎం (పది లక్షల పాళ్లలో పది) మించదు, ఆ గంధకం తీసే పనిలోనే డీజిల్‌కి సహజంగా ఉండే జారుడు గుణం తగ్గుతుంది కాబట్టి కంపెనీలు దానికోసం విడిగా మందు కలుపుతాయి. అందులో కిరసనాయిలు పోస్తే ఆ కాస్త జారుడూ పలచబడి పంపు అరుగుతుంది.

ఫిల్టర్ మార్చిన తేదీ, మీటర్ గంటలు ఫిల్టర్ మీదే పెయింటుతో రాసేయండి. కొత్తది కొనేటప్పుడు పాతదాని నంబరు ఫొటో తీసుకెళ్లండి, మర సరిపోయింది కదా అని షాపువాడు ఇచ్చింది వేసేస్తే లోపల కాగితం మీ ఇంజిన్‌కి కావలసినంత సన్నది కాకపోవచ్చు. టూల్ బాక్స్‌లో ఒక ఫిల్టర్ సెట్టు, ఓరింగులు, రాగి వాషర్లు, అడుగు పొడవు డీజిల్ పైపు, రెండు క్లిప్పులు, ఒక ఖాళీ గాజు సీసా ఎప్పుడూ ఉంచండి.